పళ్ల పాచి నుంచి పెప్టైడ్ల దాకా

(పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  జగిత్యాలలో ఉన్నవాళ్లే కాదు, కోరుట్ల నుంచి, సిరిసిల్ల నుంచి, సెలవు పెట్టుకుని గల్ఫ్ నుంచి కూడా మిత్రులు వచ్చారు. అందరినీ ఒక్కచోట చూడటం సంతోషంగా ఉంది.

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు చేసే పని గురించి మనవాళ్లకు అర్థమయ్యేటట్టు ఒక అరగంట మాట్లాడాలె" అన్నారు. బ్యాక్టీరియాను చంపగలిగే చిన్న చిన్న ప్రోటీన్ ముక్కల మీద నేను పనిచేస్తాను. వాటిని పెప్టైడ్లు అంటారు. పేరు వింటే మనకేం సంబంధం అనిపిస్తుంది. కానీ ఈ విషయంలో నా మొదటి పాఠం ఈ బడిలోనే, అదిగో ఆ చివరి గదిలోనే జరిగింది.

పదో తరగతిలో ఒక రోజు మా జీవశాస్త్రం సారు, "రేపు ఎవరూ పళ్లు తోముకోకుండా రండి" అన్నారు. అందరం నవ్వినం. మరునాడు తలా ఒక వేపపుల్ల ఇచ్చి పళ్ల మీది పాచిని గీకి గాజు పలక మీద పెట్టమన్నారు. బడి మొత్తానికి ఉన్నది ఒక్కటే మైక్రోస్కోపు. వరుసలో నిలబడి ఒక్కొక్కరం అర నిమిషం చూసినం. సన్నటి చుక్కలు, కొన్ని కదులుతున్నవి, కొన్ని గుంపులుగా అతుక్కున్నవి. సారు అన్నది ఒక్క మాట: "మీరు దీన్ని పాచి అంటరు. ఇది ఒక ఊరు."

హాలండ్‌కు చెందిన లీవెన్‌హుక్ 1680లలో సరిగ్గా ఇదే పని చేశాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆయన బట్టల వ్యాపారి, అద్దాలు అరగదీసి సొంతంగా సూక్ష్మదర్శినులు చేసుకున్నాడు. తన పళ్ల పాచిలో ప్రాణులు కదలడం చూశాడు. ఇంకొకటి కూడా గమనించాడు. వెనిగర్‌తో నోరు కడిగితే పాచి పైభాగాన ఉన్నవి చచ్చాయి, లోపల ఉన్నవి బతికే ఉన్నాయి. మూడు వందల ఏళ్లు దాటిన ఆ పరిశీలనలోనే నేను ఈరోజు చెప్పబోయే సమస్య సగం ఉంది.

మిగతా సగం మా ఇంట్లో జరిగింది. కొన్నేళ్ల కింద మా బాపుకు కాలి బొటనవేలి కింద పుండు అయింది. పసుపు చేనులో ఉత్త కాళ్లతో తిరిగేవాడు. ఎన్నో ఏళ్లుగా షుగర్. షుగర్ ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, ముల్లు దిగినా తెలియదు. ఊళ్లో తెలిసినాయన సూది వేసి గోలీలు ఇచ్చాడు. నాలుగు రోజులకు చీము తగ్గింది, గోలీలు ఆపేశాడు. పది రోజులకు మళ్లీ మొదలు. మళ్లీ వేరే గోలీలు, ఈసారి ఎక్కువ ధరవి. ఇట్లా ఐదు నెలలు నడిచింది. నేను ఇదే రంగంలో ఉండి కూడా ఆదివారం ఫోన్ చేసి, "తగ్గిందా బాపూ?" అని అడిగి ఊరుకున్నాను. ఆ తప్పు నాదే. చివరికి పెద్ద దవాఖానలో కల్చర్ పరీక్ష చేయిస్తే, రిపోర్టులో ఒక్కో మందు పేరు ఎదురుగా 'రెసిస్టెంట్', 'రెసిస్టెంట్' అని వరుసగా ఉంది. వేలు తీసేయవలసి వచ్చింది.

ఇంటికి వచ్చిన తర్వాత బాపు నన్ను అడిగాడు: "నువ్వు ఆ పురుగుల మీదనే కదరా పనిచేసేది. మరి నా వేలు ఎందుకు పోయింది?" అప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు మీ ముందు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

పుండు మానకపోవడానికి కారణాలు రెండు. చూడటానికి ఒకటే అనిపిస్తాయి గానీ, వేరువేరు.

మొదటిది పాచి. శాస్త్రవేత్తలు దీన్ని బయోఫిల్మ్ అంటారు. నీళ్ల గోలెం రెండు వారాలు కడగకపోతే లోపల చేతికి జారే పొర తగులుతుంది కదా, అదే. బ్యాక్టీరియా ఎప్పుడూ ఒంటరిగా ఈదులాడుతూ ఉండవు. వీలు దొరికితే ఒక చోట అతుక్కుని, చక్కెర పదార్థాలు, ప్రోటీన్లు, డీఎన్‌ఏ కలిసిన జిగురును తమ చుట్టూ పోసుకుంటాయి. సిరిసిల్ల మిత్రులకు ఇది తొందరగా అర్థమవుతుంది. నూలు దారం ఒక్కటి ఒట్టిగా సాంచా ఎక్కితే పుటుక్కున తెగుతుంది. గంజి పట్టించిన పడుగు అయితే సాంచా కొట్టే దెబ్బలన్నీ తట్టుకుంటుంది. ఒంటరి బ్యాక్టీరియా ఒట్టి దారం లాంటిది. పాచిలో ఉన్న బ్యాక్టీరియా గంజి పట్టించిన పడుగు.

ఈ జిగురు కొన్ని మందులను లోపలికి పోనియ్యకుండా ఆలస్యం చేస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. అడుగు పొరల్లో తిండి, ఆక్సిజన్ సరిగ్గా అందవు కాబట్టి అక్కడి బ్యాక్టీరియా పెరగడం ఆపి నిద్రలాంటి స్థితిలోకి పోతాయి. మనం వాడే యాంటీబయాటిక్స్‌లో చాలావరకు, పెరుగుతున్న బ్యాక్టీరియాను దెబ్బకొట్టేవే. పెన్సిలిన్ చూడండి, గోడ కట్టుకుంటున్న బ్యాక్టీరియా పని చెడగొడుతుంది. అసలు గోడ కట్టడమే ఆపి పడుకున్నదాన్ని ఏం చేస్తుంది? అందుకే ఒంటరిగా ఉన్నప్పుడు కొద్దిపాటి మందుకు చచ్చే బ్యాక్టీరియా, పాచిలో చేరితే దానికి వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్ల మందును కూడా తట్టుకుంటుంది. మందు ఆపగానే నిద్రపోయినవి లేస్తాయి. బాపు పుండు పది రోజులకొకసారి తిరగబెట్టింది ఇందుకే. మూత్రపు గొట్టాల మీద, అమర్చిన కృత్రిమ కీళ్ల మీద, పొదుగువాపు వచ్చిన బర్రె పొదుగులో, మన పళ్ల మీద జరిగేది కూడా ఇదే.

రెండో కారణం, మందులకు లొంగని గుణం బ్యాక్టీరియా జన్యువుల్లోనే చేరిపోవడం. ఇది పిల్లలకు వారసత్వంగా పోతుంది. అంతేకాదు, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట రూపంలో పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందుతుంది. పాచిలో అందరూ ఒకరినొకరు ఆనుకుని ఉంటారు కాబట్టి ఈ పంపకం ఇంకా సులువు. 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది నేరుగా ఈ మొండి బ్యాక్టీరియా వల్లనే చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా.

ఇందులో మన రాష్ట్రం పేరు కూడా ఉంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయిన తర్వాత కూడా లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. అట్లాంటి నీటిలో ఏ బ్యాక్టీరియా మిగులుతుంది? మందును ఓడించినదే మిగులుతుంది.

ఇప్పుడు నా పని దగ్గరికి వస్తాను. బ్యాక్టీరియాతో యుద్ధం మనిషి మొదలుపెట్టింది కాదు. కప్ప, ఈగ, పశువు, మనిషి, అందరి శరీరాలూ కోట్ల ఏళ్ల నుంచి పెప్టైడ్లను తయారుచేసుకుంటూనే ఉన్నాయి. మన చెమటలో ఉన్నాయి, నాలుక మీద ఉన్నాయి, తెల్లరక్తకణాల్లో ఉన్నాయి. తల్లి ముర్రుపాలలో ఉండే లాక్టోఫెరిన్ అనే ప్రోటీన్ బ్యాక్టీరియా పాచి కట్టకుండా అడ్డుపడుతుంది, దాన్ని ముక్క చేస్తే వచ్చే పెప్టైడ్ బ్యాక్టీరియాను చంపుతుంది.

ఈ కథలో హైదరాబాద్‌కు మొదటి పేజీల్లోనే చోటు ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధకులు ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్ప ఎం. భార్గవ ఎద్దు జాతి వీర్యద్రవం నుంచి బ్యాక్టీరియాను అడ్డుకునే ఒక చిన్న ప్రోటీన్‌ను వేరుచేసి, 1979లో నేచర్ పత్రికలో ప్రకటించారు. దానికి సెమినల్ ప్లాస్మిన్ అని పేరు పెట్టారు. అందులో ఉన్నవి 47 అమైనో ఆమ్లాలు మాత్రమే. తర్వాత అదే సంస్థలో ఎన్. సీతారాం, ఆర్. నాగరాజ్, ఆ 47లో 13 అమైనో ఆమ్లాల ముక్కను విడిగా తయారుచేసి చూస్తే, ఆ ముక్క ఒక్కటే బ్యాక్టీరియాను చంపగలుగుతోందని 1990లో చూపించారు. పుస్తకాల్లో ఎక్కువగా చెప్పే కథ అమెరికా శాస్త్రవేత్త మైకేల్ జాస్లాఫ్‌ది. ఆపరేషన్ చేసిన కప్పలను మురికి నీటి తొట్టిలో వదిలినా పుండ్లు చీము పట్టకుండా మానడం చూసి, వాటి చర్మంలోంచి ఆయన మగైనిన్ అనే పెప్టైడ్‌ను పట్టుకున్నాడు. అది 1987. మన హైదరాబాద్ పని దానికి ఎనిమిదేళ్లు ముందు.

ఇవి ఎట్లా పనిచేస్తాయో చెప్పడానికి మా భౌతికశాస్త్రం సారు పాఠం చాలు. పొడి జుట్టుకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కలను లాగుతుంది గుర్తుంది కదా. బ్యాక్టీరియా పైపొర మీద ఋణావేశం ఎక్కువ. ఈ పెప్టైడ్లలో చాలావాటికి ధనావేశం. అవి పోయి అతుక్కుంటాయి, పొరలోకి దిగి చిల్లులు పెడతాయి, లోపలి సరుకు బయటికి కారిపోతుంది. మన కణాల పైపొర బయటివైపు అట్లాంటి ఆవేశం లేదు, పైగా కొలెస్టరాల్ ఉంటుంది కాబట్టి మనకు తగిలే దెబ్బ తక్కువ.

ఇక్కడే పాచి సంగతి ముఖ్యం. నిద్రపోతున్న బ్యాక్టీరియా గోడ కట్టదు, పెరగదు, కానీ పైపొర లేకుండా బతకలేదు. కాబట్టి పెరగని బ్యాక్టీరియాను కూడా పెప్టైడ్ చంపగలదు. అంతకంటే ఆసక్తికరమైన సంగతి మన శరీరంలోనే తయారయ్యే ఎల్‌ఎల్-37 అనే పెప్టైడ్‌ది. దానిలో 37 అమైనో ఆమ్లాలు ఉంటాయి. పుండ్లలో తరచుగా కనిపించే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాను చంపడానికి చాలనంత తక్కువ మోతాదులో కూడా అది ఆ బ్యాక్టీరియాను పాచి కట్టనివ్వదని 2008లో వెలువడిన పరిశోధనలో తేలింది. అంటే చంపకుండానే ఊరు కట్టనియ్యకపోవడం. ఒంటరిగా మిగిలినదాన్ని పాత మందుతోనో, మన తెల్లరక్తకణాలతోనో పట్టుకోవచ్చు. మాలాంటి వాళ్లం రాత్రింబవళ్లు ల్యాబుల్లో కూర్చునేది ఈ ఆశతోనే.

మరి బాపు అడిగినట్టు, మెడికల్ షాపులో ఆ మందు ఎందుకు లేదు? దాచకుండా చెప్తాను. జాస్లాఫ్ కప్ప పెప్టైడ్‌ను కొంచెం మార్చి పెక్సిగనాన్ అనే మలాము తయారుచేశారు. దేనికోసమంటే, సరిగ్గా మా బాపుకు వచ్చినట్టు షుగర్ రోగుల పాదాల పుండ్ల కోసం. 1999లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దాన్ని ఆమోదించలేదు. మళ్లీ కొత్తగా పెద్ద పరీక్షలు పెడితే, 2016లో వచ్చిన ఫలితాల్లో ఒట్టి మలాము కంటే మెరుగని తేలలేదు. గాజు పాత్రలో గెలిచినది పుండులో ఎందుకు గెలవదంటే, పుండులో ఉండే ఎంజైములు పెప్టైడ్‌ను ముక్కలు చేస్తాయి. పాచిలోని డీఎన్‌ఏ కూడా ఋణావేశమే కాబట్టి పెప్టైడ్‌ను దారిలోనే పట్టేసుకుంటుంది. మోతాదు పెంచితే మన ఎర్ర రక్తకణాలను కూడా పగలగొట్టవచ్చు. తయారీ ఖర్చు కూడా మామూలు గోలీల కంటే చాలా ఎక్కువ. వీటన్నిటికీ ల్యాబుల్లో మార్గాలు వెతుకుతున్నారు. ఎంజైములు కత్తిరించలేని రూపాలు, పాత మందుతో జోడించి ఇవ్వడం, గొట్టాల మీద, కీళ్ల మీద ముందే పూత పూయడం, ఇట్లా. కొన్ని తప్పకుండా గెలుస్తాయని నా నమ్మకం. ఎప్పుడంటే మాత్రం తేదీ చెప్పలేను.

నాకు అసలు భయం ఇంకొకటి. కొత్త ఆయుధం వచ్చినా దాన్ని మనం నిలబెట్టుకుంటామా?

కొలిస్టిన్ కథ వినండి. అది కూడా పెప్టైడ్ జాతి మందే. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. 1940ల చివర జపాన్‌లో కనిపెట్టారు. కిడ్నీలను దెబ్బతీస్తుందని తర్వాత పక్కన పెట్టారు. మిగతా మందులు ఓడిపోతుంటే, ఐసీయూలో చివరి మందుగా మళ్లీ బయటికి తీశారు. ఒకవైపు మనిషికి చివరి మందు. ఇంకోవైపు అదే మందును కోళ్లు తొందరగా బరువు పెరగాలని దాణాలో కలుపుతూ పోయారు. 2015లో చైనాలో పందుల్లో, మాంసంలో, రోగుల్లో కొలిస్టిన్‌ను ఓడించే జన్యువు కనిపించింది. అది ప్లాస్మిడ్ మీద ఉంది, అంటే ఒకరి నుంచి ఒకరికి పంచుకోగలిగే రూపంలో. మన దేశంలో 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం పశువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మంచి పనే. కానీ పెప్టైడ్ అయినంత మాత్రాన బ్యాక్టీరియా దానికి ఎప్పటికీ లొంగి ఉంటుందనుకోవద్దని కొలిస్టిన్ ముందే చెప్పింది. పాత అలవాట్లతో వాడితే రేపటి మందు కూడా ఆ దారినే పోతుంది.

అందుకే ఈ సభలో నాలుగు మాటలు అడుగుతాను. ల్యాబులో చేసేది మేం చేస్తాం, ఇవి మాత్రం మీ చేతుల్లో ఉన్నవి.

మొదటిది, పాదం. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఎవరున్నా, రాత్రి పడుకునే ముందు వాళ్ల అరికాళ్లు ఒకసారి చూడండి. చేనుకు పోతే చెప్పులు తప్పనిసరి. చిన్న పుండు కనిపించినా గోలీలతో ఆగడం కాదు, వెంటనే దవాఖానకు తీసుకుపోండి. పాచి కట్టిన పుండుకు ఈరోజుకు మన దగ్గరున్న అన్నిటికంటే గట్టి వైద్యం, చచ్చిన కండను, పాచిని డాక్టరు గీకి శుభ్రం చేయడం, పాదం మీద బరువు పడకుండా చూడటం, షుగర్‌ను అదుపులో పెట్టడం. గోలీ వీటి తర్వాత. గోలెం పాచిని కూడా మనం గీకి కడుగుతాం కదా, మందు చల్లి వదిలెయ్యం. బాపు వేలు ఈ ఒక్క పనితో నిలిచేదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండోది, కల్చర్ పరీక్ష. ఏ బ్యాక్టీరియా, ఏ మందుకు లొంగుతుంది అని చెప్పేది అదే. ఒకప్పుడు దానికి కరీంనగరో హైదరాబాదో పోవలసి వచ్చేది. ఇప్పుడు జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. వైద్య కళాశాల అంటే మైక్రోబయాలజీ విభాగం ఉంటుంది. మొండి పుండుకు రెండోసారి యాంటీబయాటిక్ రాస్తుంటే, "కల్చర్ చేయిద్దామా డాక్టరు గారూ?" అని మర్యాదగా అడగండి. అడగడం మన హక్కు.

మూడోది, ఎర్ర గీత. గోలీల పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. జలుబుకు, వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ ఏమీ చెయ్యదు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి, మిగిలినవి పక్కింటాయనకు ఇవ్వొద్దు. గల్ఫ్‌కు పోయే మిత్రులు పచ్చళ్లతో పాటు సూట్‌కేసులో సర్దుకునే గోలీల పొట్లం సంగతి నాకు తెలుసు. అక్కడ డాక్టరు ఖర్చు భయం కూడా తెలుసు. అయినా యాంటీబయాటిక్ మాత్రం ఆ పొట్లంలోంచి తీసేయండి.

నాలుగోది, పశువులు. కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉన్న ప్రాంతం మనది. బర్రెకు పొదుగువాపు వస్తే దుకాణంలో అడిగి ట్యూబు తెచ్చి ఎక్కించడం కాదు, పశువైద్యుణ్ని చూపించండి. పితికే ముందు పొదుగు, చేతులు కడగండి. మందు వాడుతున్న రోజుల్లో, ఆ తర్వాత డాక్టరు చెప్పినన్ని పూటలు, ఆ పాలు కేంద్రానికి పోయొద్దు. నష్టమే, నాకు తెలుసు. మేమూ బర్రెను సాకినవాళ్లమే.

చివరగా సంఘం పెద్దలకు ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో స్వాగత తోరణం కట్టాలని ప్రతిపాదన ఉందని విన్నాను. తోరణం వద్దనను. అందులోంచి కొంత తీసి బడికి పది మైక్రోస్కోపులు కొందాం. నా వంతు డబ్బు ఈరోజే ఇచ్చి పోతాను. మేం వరుసలో నిలబడి అర నిమిషమే చూసినం. ఇప్పటి పిల్లలు తీరికగా చూడనీ. ఇక్కడున్న జీవశాస్త్రం టీచర్లను నేను కోరేది ఒక్కటే. ఏడాదికి ఒక్కరోజు, "రేపు పళ్లు తోముకోకుండా రండి" అని పిల్లలకు చెప్పండి.